రబ్బీల విద్యాసభలో తత్త్వం: యూదు ధర్మచర్చ, మన మీమాంస

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి స్మృతికి అంకితమైన ఉపన్యాసాన్ని కే.వి.కుప్పంలో, తెలుగులో చేసే అవకాశం దక్కడం నాకు గౌరవం. ఆయన 1888లో తిరుత్తణిలో, తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టారు. తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చదివి, మనకు కూతవేటు దూరంలో ఉన్న వేలూరు ఊరీస్ కళాశాలలో చేరారు. అక్కడి నుంచి మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు వెళ్ళారు. హిందూ ధర్మం మీద క్రైస్తవ విమర్శకులు చేసిన ఆక్షేపణలే తనను ఆ ధర్మాన్ని లోతుగా చదివేలా చేశాయని తరువాతి కాలంలో ఆయనే రాసుకున్నారు. 1908లో ఎం.ఏ. పట్టా కోసం ఆయన సమర్పించిన వ్యాసం వేదాంతంలోని నీతిశాస్త్రం గురించి. వేదాంతంలో నీతికి చోటు లేదన్న వారికి అది ఇరవై ఏళ్ళ యువకుడి సమాధానం.

తన సంప్రదాయంలో తత్త్వం ఉందని ఇతరుల ముందు నిరూపించుకోవలసి రావడం మనకొక్కరికే కలిగిన అవస్థ కాదు. మనకంటే చాలా ముందు నుంచి, మనకంటే తీవ్రమైన నిందల మధ్య, యూదులు ఆ అవస్థను అనుభవించారు. గ్రీకులకు తత్త్వం, యూదులకు ధర్మశాస్త్రం అన్న పంపకం ఐరోపాలో శతాబ్దాల పాటు సాగింది. ఇమ్మాన్యుయేల్ కాంట్ 1793లో వెలువరించిన మతవిచార గ్రంథంలో యూదు ధర్మాన్ని అసలు మతంగానే ఒప్పుకోలేదు. అది ఒక జాతి పెట్టుకున్న చట్టాల మూట మాత్రమేనన్నది ఆయన తీర్పు. అంతకు పదేళ్ళ ముందు, 1783లో, మోజెస్ మెండెల్సోన్ తన 'జెరూసలేం' గ్రంథంలో ఇదే విషయాన్ని గౌరవంగా చెప్పాడు. యూదులకు దైవం ప్రసాదించినది విధులనే గానీ సిద్ధాంతాలను కాదని, సత్యాలు మానవులందరికీ బుద్ధి ద్వారా సమానంగా అందుతాయని ఆయన వాదించాడు. ఒకరు నిందగా, మరొకరు సమర్థనగా చెప్పినా, ఇద్దరూ ధర్మాన్ని ఒక గట్టున, తత్త్వాన్ని మరో గట్టున పెట్టారు.

ఈ విభజన సరైనది కాదన్నదే ఈ రోజు నేను మనవి చేయదలచినది. ధర్మాన్ని వ్యాఖ్యానించే సభ తత్త్వానికి వాకిలి కాదు, ఇల్లే. ఈ మాట రాధాకృష్ణన్ గారి సభలో చెప్పడానికి కారణం ఉంది. ఆయన 'భారతీయ తత్త్వశాస్త్రం' రెండో సంపుటంలో, వేదవిధుల అర్థాన్ని విచారించే పూర్వమీమాంసకు ఒక అధ్యాయం కేటాయించారు. దాన్ని నిజాయితీగా, శ్రద్ధగా వివరించారు. చివరకు మాత్రం, విశ్వాన్ని గురించిన తత్త్వదృష్టిగా అది అసంపూర్ణమని తేల్చారు. 1939లో వచ్చిన 'ప్రాచ్య మతాలు, పాశ్చాత్య చింతన' గ్రంథంలో యూదు సంప్రదాయాన్ని పరిశీలించినప్పుడు ఎస్సీనుల వైరాగ్యం, అలెగ్జాండ్రియా నగరవాసి ఫైలో ధ్యానమార్గం ఆయన్ను ఆకర్షించాయి. పొలం గట్టు తగాదాల మీద, దొరికిన వస్తువుల మీద తరతరాలుగా వాదించుకున్న యూదు ధర్మపండితులైన రబ్బీల వైపు ఆయన మనసు అంతగా పోలేదు. అనుభవంలో పరమసత్యాన్ని వెతికిన మహానుభావుడి దృష్టి అలా ఉండడం సహజమే. ఆయన మీద ఉన్న గౌరవంతోనే ఈ ఒక్క విషయంలో ఆయనతో విభేదిస్తున్నాను.

క్రీ.శ. 70లో రోమన్ సైన్యం యెరూషలేము దేవాలయాన్ని నేలమట్టం చేసింది. యాజకులకు పని లేకుండా పోయింది, బలులు ఆగిపోయాయి. ఆ విధ్వంసం తరువాత యోహనన్ బెన్ జక్కాయ్ యవ్నే అనే పట్టణంలో పండితులను కూడగట్టాడు. ఆలయం చేసిన పనిని ఇకపై అధ్యయనమే నెరవేర్చాలి. క్రీ.శ. 200 ప్రాంతంలో యెహూదా హనాసి అప్పటి వరకు నోటి మీద నడిచిన ధర్మనిర్ణయాలను 6 విభాగాలలో కూర్చాడు. అదే మిష్నా. దాని మీద పాలస్తీనాలో, బాబిలోనియాలో సాగిన చర్చలు రెండు తాల్ముద్‌లుగా రూపొందాయి. బాబిలోనియా తాల్ముద్ పెద్దది, ప్రామాణ్యంలోనూ ముందున్నది. విల్నాలో అచ్చయిన ప్రతిలో దానికి 2,700కు పైగా పత్రాలున్నాయి.

మిష్నాలోని 6 విభాగాలలో ఒకటి ప్రధానంగా ఆలయంలో జరిగే బలుల గురించే. అది కూర్చే నాటికి ఆలయం కూలి శతాబ్దం దాటింది. జరగని కర్మకు ఇంత నియమావళి ఎందుకని అడగవచ్చు. మన మీమాంసకు ఇదే ప్రశ్న వేయవచ్చు. జైమిని సూత్రాలు, శబరుడి భాష్యం, కుమారిలుడి వార్తికాలు చర్చించిన సోమయాగాలలో చాలా వాటిని చూసినవారు క్రమంగా కరువయ్యారు. అయినా ఆ చర్చలో పదునెక్కిన న్యాయాలు బతికాయి. విజ్ఞానేశ్వరుడి మితాక్షర మొదలుకొని ఆస్తి పంపకాల దాకా, ఒక వాక్యానికి అర్థం ఎలా నిర్ణయించాలన్న ప్రతి చోటా అవే పనిచేశాయి. రెండు సంప్రదాయాల్లోనూ కర్మ వెనక్కి తగ్గింది. కర్మను గురించి ఆలోచించే పద్ధతి ముందుకు వచ్చింది.

ఆ పద్ధతులు ఎంత దగ్గరివో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. హిల్లెల్ పేరున 7 వ్యాఖ్యాన సూత్రాలు, రబ్బీ ఇష్మాయేల్ పేరున 13 సూత్రాలు ప్రసిద్ధం. వాటిలో మొదటిది మన కైముతిక న్యాయమే: తేలికైన విషయంలోనే ఇంత కట్టడి ఉంటే, బరువైన విషయంలో వేరే చెప్పాలా అన్న తర్కం. సామాన్య విధి, విశేష విధి ఎదురైతే ఏది దేన్ని కుదిస్తుందన్న విచారం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. సందర్భాన్ని బట్టి అర్థం తీయడం వారికీ ప్రమాణమే. మీమాంసకులు శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య అని 6 ప్రమాణాలను బలం తగ్గే వరుసలో నిలబెట్టారు. రబ్బీలు అంత కచ్చితమైన వరుస పెట్టలేదు. ఎవరు ఎవరి నుంచి నేర్చుకున్నారన్న వెతుకులాట ఇక్కడ అనవసరం. ఒక పవిత్ర వాక్యానికి కట్టుబడి, దానితో నిత్యజీవితాన్ని నడపాలనుకున్న సమాజం ఏదైనా ఈ ప్రశ్నల దగ్గరికి రాక తప్పదు.

సూత్రాల పట్టిక చూపినంత మాత్రాన అక్కడ తత్త్వం ఉందని రుజువు కాదు. అందుకని ఒక వ్యాజ్యాన్ని కొంచెం నిదానంగా చూద్దాం. నేతపనికి పేరుపడిన గుడియాత్తం పక్కన నిలబడి చెబుతున్నాను కాబట్టి, బట్ట మీద వచ్చిన తగాదానే తీసుకుంటాను. మిష్నాలో బావా మెత్సియా అనే భాగం దీనితోనే మొదలవుతుంది. ఇద్దరు మనుషులు ఒకే వస్త్రాన్ని చెరొక కొస పట్టుకొని న్యాయసభకు వచ్చారు. మొత్తం నాదేనని ఒకడు, మొత్తం నాదేనని రెండోవాడు. సాక్షులు లేరు. ఇద్దరి చేతా ప్రమాణం చేయించి చెరి సగం ఇస్తారు. ఇంతవరకు ఏ ఊరి రచ్చబండ దగ్గరైనా చెప్పే తీర్పే. తరువాతి వాక్యం చూడండి. మొత్తం నాదేనని ఒకడు, సగం నాదని రెండోవాడు అంటే, మొదటివాడికి మూడు వంతులు, రెండోవాడికి ఒక వంతు.

మనకు తోచే లెక్క వేరుగా ఉంటుంది. ఒకడు అడిగింది మొత్తం, ఇంకొకడు అడిగింది సగం కాబట్టి, అడిగిన దాని దామాషాలో రెండు పాళ్ళు, ఒక పాలుగా పంచుతాం. రబ్బీలు అలా పంచలేదు. సగమే నాదన్నవాడు మిగతా సగాన్ని తానే ఒదులుకున్నాడు. దాని మీద తగాదా లేదు, అది మొదటివాడిదే. తగాదా ఉన్నది మిగిలిన సగం మీద. దాన్ని మాత్రమే చెరి సగం చేశారు. ఒదులుకున్న దాన్ని తగాదాలోకి లాగకూడదన్న సూత్రం ఆ తీర్పు లోపల ఉంది. దాన్ని ఎవరూ సూత్రంగా ప్రకటించలేదు. తీర్పులోనే అది నివసిస్తోంది.

ఇలాంటిదే మరో వ్యాజ్యం కెతుబోత్ అనే భాగంలో ఉంది. ముగ్గురు భార్యలున్న మనిషి చనిపోయాడు. వివాహపత్రాల ప్రకారం ఒకామెకు 100, రెండో ఆమెకు 200, మూడో ఆమెకు 300 రావాలి. ఆస్తి అంత లేదు. ఉన్నది 100 అయితే ముగ్గురికీ సమానం. 200 అయితే మొదటి ఆమెకు 50, మిగతా ఇద్దరికీ చెరి 75. 300 అయితే 50, 100, 150. మొదటి పంపకం సమానత్వం, చివరిది దామాషా, నడిమిది రెండూ కాదు. ఈ మూడింటినీ కలిపే తర్కం ఏమిటో వ్యాఖ్యాతలకు శతాబ్దాల పాటు చిక్కలేదు. 1985లో రాబర్ట్ ఔమన్, మైఖేల్ మష్లర్ అనే గణితవేత్తలు దాన్ని విప్పారు. ముగ్గురిలో ఏ ఇద్దరిని తీసుకున్నా, ఆ ఇద్దరికీ కలిపి వచ్చిన మొత్తాన్ని వస్త్రం తగాదా పద్ధతిలో పంచి చూడండి. ఆస్తి 200 అయినప్పుడు మొదటి ఇద్దరికీ కలిపి వచ్చింది 125. అందులో 100 మాత్రమే అడిగిన ఆమె 25ను ఒదులుకున్నట్టే. మిగిలిన 100 చెరి సగం. ఆమెకు 50, రెండో ఆమెకు 75. మూడు పంపకాల్లో ఏ జంటను చూసినా లెక్క ఇలాగే సరిపోతుంది. ఆట సిద్ధాంతంలో చేసిన కృషికి ఔమన్ 2005లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నాడు.

నాకు ఇక్కడ ముఖ్యమైనది గణితం కాదు. న్యాయమంటే ఏమిటి అని ప్లేటో అడిగాడు. మిష్నాను కూర్చినవారు ఆ ప్రశ్నను ఆ రూపంలో అడగలేదు. ఒక వస్త్రం, ముగ్గురు విధవలు, చాలని ఆస్తి, వీటిని ముందు పెట్టుకొని న్యాయం ఎలా ఉండాలో తేల్చారు. ఆ తీర్పుల వెనుక పొందిక గల ఆలోచన ఉందని పదిహేడు వందల ఏళ్ళ తరువాత గణితశాస్త్రం తేల్చింది. సిద్ధాంతం రాయనివారికి సిద్ధాంతం లేదనుకోవడం పాఠకుడి తొందరపాటు.

కంటికి కన్ను అనే శిక్షను రబ్బీలు చదివిన తీరు ఇంకా సూటిగా ఉంటుంది. అది నష్టపరిహారమే తప్ప శరీరదండన కాదని వారు నిర్ణయించారు. నిర్ణయంకన్నా దాని దారి గమనించదగింది. గుడ్డివాడు ఒకరి కన్ను పొడిస్తే ఏ కన్ను తీస్తారని ఒక రబ్బీ అడుగుతాడు. ధర్మశాస్త్రం అందరికీ ఒకే తీర్పు ఉండాలంటుంది, అక్షరార్థం ప్రకారం అది అందరికీ వర్తించదు, కాబట్టి అక్షరార్థం ఆ శాస్త్రం ఉద్దేశం కాలేదు. ఇది సమానత్వం గురించి చేసిన తాత్త్విక వాదం. తాల్ముద్ అంతటితో ఆగదు. ఆ వాదాన్నీ ఆక్షేపించి, మరొకటి తెచ్చి, దాన్నీ పరీక్షించి, పత్రాల పొడవునా నడుస్తుంది.

ఇక ప్రామాణ్యం సంగతి. రబ్బీ ఎలీజెర్ ఒక మట్టి పొయ్యి శుద్ధి గురించి మిగిలిన పండితులందరితో విభేదించాడు. తన మాట నిజమైతే చెట్టు సాక్ష్యం చెప్పాలన్నాడు, చెట్టు చోటు మారింది. నీరు వెనక్కి పారింది. విద్యాసభ గోడలు ఒరిగాయి. చివరకు ఆకాశవాణి ఆయన పక్షమే పలికింది. రబ్బీ యెహోషువ లేచి నిలబడి, ధర్మశాస్త్రం ఇప్పుడు ఆకాశంలో లేదన్నాడు. ఒకసారి మనుషుల చేతికి ఇచ్చాక దాని అర్థాన్ని తేల్చేది అధిక సంఖ్యాకుల నిర్ణయమే. అద్భుతాలు వాదన కావు, ఆకాశవాణి కూడా వాదన కాదు. అంతటి నిర్ణయాన్ని భక్తి నిండిన గ్రంథమే నమోదు చేసింది.

మన మీమాంసకులు వేరే దారిన ఇదే చోటికి చేరారు. వేదం అపౌరుషేయం, దానికి కర్త లేడు, ఈశ్వరుడు కూడా కాడు. కర్త లేనప్పుడు ఆయన మనసులో ఏముందని అడగడానికి వీలు లేదు. వాక్యమూ, దాన్ని అర్థం చేసుకునే నియమాలూ మాత్రమే మిగులుతాయి. యూదులకు కర్త ఉన్నాడు, కానీ ఇచ్చిన తరువాత ఆయన వ్యాఖ్యానంలో జోక్యం చేసుకోడు. ఒక సంప్రదాయం దైవాన్ని కాదనకుండా, మరొకటి దైవం అవసరం లేకుండా, వ్యాఖ్యాన బాధ్యతను పూర్తిగా మనిషి బుద్ధి మీదే పెట్టాయి. దీన్ని తత్త్వం కాదనడానికి నాకు కారణం కనబడదు.

తత్త్వశాస్త్రం అన్న పేరుతోనే యూదులు చేసిన కృషి వేరే ఉంది. దాన్ని తక్కువ చేయను. ఫైలో ధర్మశాస్త్రాన్ని ప్లేటో వెలుగులో చదివాడు గానీ రబ్బీలు ఆయన్ను పట్టించుకోలేదు. సూరా విద్యాపీఠానికి అధిపతి అయిన సాదియా గావోన్ 933లో అరబ్బీలో రాసిన గ్రంథంతో రబ్బీల లోకంలోకి తత్త్వవిచారం సక్రమంగా ప్రవేశించింది. ఆ ధారకు శిఖరం మైమోనిడీస్. 1138లో కార్డోవాలో పుట్టి 1204లో ఈజిప్టులో మరణించిన ఈ వైద్యుడికి మన దేశంతో ఒక విషాద బంధం ఉంది. కుటుంబాన్ని పోషించిన తమ్ముడు డేవిడ్ వ్యాపారం కోసం ఇండియా వైపు బయలుదేరి సముద్రంలో మునిగిపోయాడు. ఆ వార్త విని దాదాపు ఏడాది మంచం పట్టానని మైమోనిడీస్ ఒక లేఖలో రాశాడు. ఆయన్ను తలచుకున్నప్పుడల్లా నాకు ముందు ఈ లేఖే గుర్తుకొస్తుంది.

ఆయన రెండు మహాగ్రంథాలు రాశాడు. మిష్నే తోరాలో యూదు ధర్మం యావత్తునూ 14 భాగాలుగా క్రమబద్ధం చేశాడు. 1190 ప్రాంతంలో పూర్తయిన 'సందిగ్ధుల మార్గదర్శి'లో అరిస్టాటిల్ శాస్త్రాన్నీ ప్రవక్తల వాణినీ సమన్వయపరచాడు. ఆ రెండో గ్రంథం చివర ఒక రాజభవనం ఉపమానం చెప్పాడు. సంప్రదాయాన్ని నమ్మి, ధర్మవిధులను మాత్రమే చదివిన పండితులు భవనం చుట్టూ తిరుగుతుంటారు, లోపలికి వెళ్ళరు. ప్రకృతిశాస్త్రం, పరతత్త్వం ఎరిగినవారే లోపలికి వెళతారు. ధర్మశాస్త్రంలో తనకు సాటి లేని పండితుడే ధర్మశాస్త్ర పండితులను బయట నిలబెట్టాడు. కర్మకాండ చిత్తశుద్ధి వరకే, ఆపైన జ్ఞానకాండ అన్న మన వేదాంతుల మెట్ల వరుస దీనికి ఎంత దగ్గరో వేరే చెప్పనక్కరలేదు. రాధాకృష్ణన్ గారు నిలబడ్డది కూడా ఆ మెట్ల మీదే.

'సందిగ్ధుల మార్గదర్శి' సంప్రదాయవాదుల ఆగ్రహానికి గురైంది. 1230లలో మోంపెలియే నగరం కేంద్రంగా పెద్ద వివాదం రేగింది. 1305లో బార్సిలోనాలో సొలొమన్ ఇబ్న్ అద్రెత్, పాతికేళ్ళు నిండనివారు గ్రీకు తత్త్వగ్రంథాలు చదవరాదని ఆంక్ష విధించాడు. ఈ కలహాన్ని సాధారణంగా బుద్ధికీ భక్తికీ జరిగిన పోరుగా చెబుతారు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది మిష్నే తోరా మీద వచ్చిన ఒక ఆక్షేపణ. ప్రొవాన్స్ పండితుడు అబ్రహాం బెన్ డేవిడ్ దాన్ని లేవనెత్తాడు. మైమోనిడీస్ నిర్ణయాలు చెప్పాడే గానీ, అవి ఎవరివో, ఎవరు కాదన్నారో చెప్పలేదు. పూర్వుల వాదాలు, వారి పేర్లు చెరిగిపోయాయి. ఒక్క స్వరమే మిగిలింది.

ఆ ఆక్షేపణలో తత్త్వవిద్వేషం లేదు. రబ్బీల సంప్రదాయపు అంతరంగం ఉంది. హిల్లెల్ శిష్యులకూ షమ్మాయ్ శిష్యులకూ మూడేళ్ళు వాదం సాగినప్పుడు, రెండూ దైవవాక్కులేనని, ఆచరణ మాత్రం హిల్లెల్ పక్షాన ఉండాలని నిర్ణయమైనట్టు తాల్ముద్ చెబుతుంది. హిల్లెల్ పక్షానికి ఆ గౌరవం ఎందుకు దక్కింది? వారు మృదువుగా ఉండేవారు, ఎదుటి పక్షం మాటను తమ మాటకంటే ముందు చెప్పేవారు. ఎదుయోత్ అనే మిష్నా భాగం ఇంకా తెగించి అడుగుతుంది: ఓడిపోయిన ఒంటరి అభిప్రాయాన్ని ఎందుకు రాసిపెట్టాలి? రేపటి న్యాయసభ దాన్ని ఆధారంగా తీసుకోవాల్సి రావచ్చు కాబట్టి. ఒకే సత్యాన్ని వెతికే తత్త్వానికి భిన్నాభిప్రాయం దారిలో పడ్డ అడ్డంకి. రబ్బీలకు అది కాపాడుకోవలసిన ఆస్తి. గ్రీకు తత్త్వంతో వారి పేచీ అసలు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఈ విషయంలో మన ప్రాంతం చెప్పగలిగింది కూడా చాలా ఉంది. పదహారో శతాబ్దంలో వేలూరును చిన్నబొమ్మ నాయకుడు పాలించిన కాలంలో ఆయన ఆదరణ పొందిన పండితుడు అప్పయ్య దీక్షితులు. వేలూరుకు దక్షిణాన, ఆరణి పక్కనున్న అడయపాలెం ఆయన స్వగ్రామం. శ్రీకంఠభాష్యం మీద శివార్కమణిదీపిక రాసినందుకు నాయకుడు ఆయనకు కనకాభిషేకం చేశాడని, ఆ శాస్త్రాన్ని ఆయన 500 మంది విద్వాంసులకు బోధించాడని ఆ ఊరి ఆలయంలోని 1582 నాటి శాసనం చెబుతుంది. అప్పయ్య మీమాంసలో విధిరసాయనం రాసి కుమారిలుడంతటి వాడి విధి విభాగాన్నే ప్రశ్నించాడు. దాన్ని ఖండిస్తూ శంకరభట్టు గ్రంథం రాశాడు. ప్రకరణం మొదలు బలమైనదా, ముగింపు బలమైనదా అన్న ప్రశ్న మీద అప్పయ్య ఒక ప్రత్యేక గ్రంథమే రాశాడు.

ఆయన రాసిన సిద్ధాంతలేశసంగ్రహం నా వాదానికి మరీ దగ్గరిది. శంకరుల తరువాత అద్వైతులు ఎన్నో విషయాల్లో విడిపోయారు. జీవుడు ప్రతిబింబమా, అవచ్ఛేదమా? అవిద్య ఒకటా, జీవుడికొకటా? అప్పయ్య ఆ మతభేదాలన్నింటినీ ఒక్కచోట చేర్చాడు. ఆత్మ ఒక్కటేనని స్థాపించడం మీదే దృష్టి నిలిపిన పూర్వులు మిగిలిన విషయాల్లో పలు దారులు చూపారని మొదట్లోనే చెప్పి, ఆ దారులను వేటికవిగా వివరించాడు. ఎక్కడికక్కడ ఒకరిని గెలిపించే పని పెట్టుకోలేదు. అద్వైతం పేరుతో రాసిన గ్రంథంలో ఇన్ని గొంతులు పక్కపక్కన వినిపించడాన్ని నేను బలహీనతగా చూడలేను.

అప్పయ్య కాలంలోనే పోలెండులోని క్రాకోవ్‌లో మోజెస్ ఇస్సెర్లెస్ ఉన్నాడు, 1572లో మరణించాడు. జోసెఫ్ కారో రాసిన ధర్మసంగ్రహం 1565లో వెనిస్‌లో అచ్చయింది. అది కూడా ఒకే నిర్ణయం చెప్పే గ్రంథం. ఇస్సెర్లెస్ దానికి తమ ప్రాంతపు భిన్నాచారాలను, భిన్నమతాలను టిప్పణిగా జోడించాడు. ఈనాటికీ అవి రెండూ ఒకే పుటలో అచ్చవుతాయి. అరిస్టాటిల్‌ను ఉదాహరించినందుకు సాటి పండితుడు సొలొమన్ లూరియా ఆయన్ను మందలించాడు. ఇతరులు విశ్రాంతి దినాల్లో, పండుగల్లో షికారు తిరిగే వేళల్లోనే తాను తత్త్వగ్రంథాలు చదివానని ఇస్సెర్లెస్ బదులిచ్చాడు. వేలూరు, క్రాకోవ్ ఒకదాని పేరు ఒకటి విని ఉండవు. అయినా రెండు చోట్లా ఒకే తరం పండితులు, పూర్వుల విభేదాలను చెరపకుండా శాస్త్రాన్ని ఎలా నిలపాలన్న పనిలో ఉన్నారు.

ఆధునిక కాలంలో ఈ చర్చను మళ్ళీ లేపినవాడు హెర్మన్ కోహెన్. కాంట్ తత్త్వానికి జర్మనీలో పునర్జీవం పోసిన ఆచార్యుడాయన. 1888లో మార్బుర్గ్ న్యాయస్థానంలో ఒక ఉపాధ్యాయుడి మీద విచారణ జరిగింది. అన్యజనులను మోసగించవచ్చని తాల్ముద్ చెబుతుందన్నది అతడి ప్రచారం. నిపుణుడిగా సాక్ష్యం ఇమ్మని కోర్టు కోహెన్‌ను కోరింది. మానవజాతి అంతటికీ వర్తించే 7 విధులున్నాయని, వాటిని పాటించే పరదేశి మతం మారకుండానే ధర్మానికి చెందినవాడని రబ్బీలు నిర్ణయించిన సంగతిని ఆయన ముందుకు తెచ్చాడు. తోటి మనిషి అన్న భావన తత్త్వగ్రంథాల్లో కాక, పరదేశి హక్కులను తేల్చిన న్యాయచర్చలోనే పుట్టిందని ఆయన నమ్మాడు. తాను గురువుగా ఎంచిన కాంట్ తీర్పును ఆయన అలా సరిదిద్దాడు. ఆ పనికి పూర్తి రూపమైన గ్రంథం ఆయన మరణానంతరం, 1919లో వెలువడింది. తరువాత ఇమ్మాన్యుయేల్ లెవినాస్ నాజీలు తన లిథువేనియా కుటుంబాన్ని హతమార్చిన తరువాతి పారిస్‌లో తాల్ముద్ పుటలను తత్త్వవేత్తల ముందు పాఠం చెప్పాడు. ఎదుటి మనిషి పట్ల బాధ్యతే మొదటి తత్త్వమన్నది ఆయన స్థాపన. ఈ వరుసలోనే ఒక నొప్పించే విషయం కూడా చెప్పాలి. కోహెన్ శిష్యుడైన ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్ 1921 నాటి తన గ్రంథంలో భారతీయ చింతనను అసంపూర్ణమని పక్కన పెట్టాడు. ఒకరి నుంచి పడ్డ మాటను మరొకరి మీద వేయడం గాయపడ్డ సంప్రదాయాలకు ఉన్న ప్రమాదం.

విద్యాసభను ఇంతగా మెచ్చుకున్నాక, దాని తలుపు సంగతి దాటవేయడం అన్యాయం. ఆ సభలో ఎవరు కూర్చున్నారు? యవ్నేలో రబ్బాన్ గమలియేల్ అధిపతిగా ఉన్నప్పుడు గుమ్మం దగ్గర కావలివాడుండేవాడు. లోపలా బయటా ఒకేలా లేనివాడికి ప్రవేశం లేదు. పండితులు ఆయన్ను పదవి నుంచి దించిన రోజున కావలివాణ్ణి తీసేశారు. ఎన్నో కొత్త బల్లలు వేయవలసి వచ్చింది. అప్పటి వరకు తేలకుండా ఉన్న ధర్మసందేహాలన్నీ ఆ రోజే తేలాయని తాల్ముద్ చెబుతుంది. ఆ బల్లల మీద స్త్రీలు కూర్చోలేదన్నది కూడా నిజం.

మన దగ్గర తలుపు ఇంకా గట్టిగా మూశారు. జైమిని సూత్రాల ఆరో అధ్యాయం మొదటి పాదంలో అధికార విచారం ఉంది. స్వర్గం కోరేవాడు యాగం చేయాలన్న విధిలో పుంలింగం ఉంది కాబట్టి పురుషుడికే అధికారమని ఐతిశాయనుడన్నాడు. అక్కడ లింగం వివక్షితం కాదు, స్త్రీకీ అధికారం ఉందని బాదరాయణుడన్నాడు. సిద్ధాంతం ఆయన వైపు మొగ్గింది, భర్తతో కలిసి చేయాలన్న షరతుతో. తరువాత శూద్రుల ప్రశ్న వచ్చింది. స్వర్గాన్ని కోరడం మనుషులందరికీ సమానం, విధి ఎవరినీ మినహాయించలేదు, కాబట్టి అందరికీ అధికారం ఉందని బాదరి వాదించాడు. అగ్న్యాధానానికి వసంతం బ్రాహ్మణుడికి, గ్రీష్మం క్షత్రియుడికి, శరత్తు వైశ్యుడికి అని చెప్పి, నాలుగో వర్ణానికి ఋతువు చెప్పలేదన్న కారణంతో సిద్ధాంతం ఆ వాదాన్ని తోసిపుచ్చింది. వర్ణవ్యవస్థలో చోటే ఇవ్వని కోట్లమంది గురించి అక్కడ ప్రశ్న కూడా రాలేదు.

బాదరి ఓడిపోయాడు. ఆయన పేరు, ఆయన వాదం మాత్రం సూత్రంలోనే ఉండిపోయాయి. ఎదుయోత్ చెప్పిన కారణం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సంప్రదాయం లోపలే సమానత్వానికి ఒక పూర్తి వాదం ఉందని, దాన్ని తెలిసి తెలిసి కాదన్నారని మనం ఈ రోజు చెప్పగలుగుతున్నామంటే, ఓడిన మాటను రాసిపెట్టినందువల్లే.

రబ్బీల లోకమూ మన లోకమూ కలిసే చోటు తెలుగు నేల మీద ఒకటుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో, మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన కొందరు తెలుగువారు ఎఫ్రాయిము గోత్రపు యూదులమని చెప్పుకొంటూ, 1980ల చివరి నుంచి హీబ్రూ నేర్చుకొంటున్నారు, విశ్రాంతి దినం పాటిస్తున్నారు, ప్రార్థనామందిరం కట్టుకున్నారు. యూదుడెవరు, ఎవరు నిర్ణయించాలి, దానికి ఏది ప్రమాణం అన్న రబ్బీల పాత ప్రశ్న వారి విషయంలో మన భాషలో, మన కులచరిత్రతో ముడిపడి నిలబడింది. దాన్ని తేల్చే అధికారం నాకు లేదు. అది మతవ్యవహారం మాత్రమేనని, తత్త్వవిచారం కాదని మాత్రం నేను ఒప్పుకోలేను.

ఈ సభలో అధ్యాపకులు చాలామంది ఉన్నారు. తత్త్వశాస్త్రం పాఠ్యప్రణాళికలో ఉపనిషత్తులకూ ప్లేటోకూ ఉన్న చోటు పక్కన ఒక మీమాంసాధికరణానికీ, ఒక తాల్ముద్ చర్చకూ చోటు ఇవ్వమని మిమ్మల్ని కోరుతున్నాను. మొదటి పాఠానికి బావా మెత్సియాలోని వస్త్రం తగాదా, ఆరో అధ్యాయంలోని బాదరి వాదం చాలు. బాదరి పక్షాన వాదించే పనిని తరగతిలో ఒక విద్యార్థికి అప్పగించండి, సిద్ధాంతం వైపు మరొకరిని నిలబెట్టండి.